నేల తాకిన బస్తా

రెండువేల ఆరు ఎండాకాలం మా ఇంట్లో ముగ్గురం బరువులతోనే బతికాం. నేను మోసేవాణ్ని. నా తమ్ముడు సంపత్ ఒళ్లు పెంచేవాడు. నా బిడ్డ వనజ ఎత్తేది. చూసేవాళ్లకు మూడూ ఒకటే. మా వాకిలి ముందు నుంచి పోయేవాళ్లు ‘బొజ్జయ్య ఇల్లంత పహిల్వాన్లే’ అని నవ్వుకుంటూ పోయేవాళ్లు. మేం కూడా నవ్వేవాళ్లం.

మాది బూర్గంపాడు. అక్కడి గోదాంల దగ్గర హమాలీ ముఠాలో మా ఇంటికి ఒక వంతు ఉండేది. నాకంటే ముందు మా అయ్యది. వంతు అంటే దండచేతికి కట్టుకునే ఇత్తడి బిళ్ల ఒకటి. బిళ్ల ఉన్నవాడికి లారీ వచ్చిన ప్రతిసారీ పని ఉంటుంది. లేనివాడు గేటు బయట చింతచెట్టు నీడలో కూర్చుని, లోపలివాళ్లలో ఎవరికైనా జ్వరం వచ్చి ఉంటే బాగుండునని చూస్తుంటాడు. ఇద్దరూ మోసేది అదే బస్తా. ఒకడి భార్య పొద్దున్నే ఎసరు పెట్టేస్తుంది, ఇంకొకడి భార్య మొగుడు తిరిగొచ్చేదాకా ఆగుతుంది. అంతే తేడా.

హోలీ దాటాక నా నడుం పోయింది. బస్తా మోస్తూ పోలేదు. పొద్దున్నే చెంబు అందుకోబోయి వంగాను, మళ్లీ లేవలేదు. భద్రాచలం దవాఖానాలో డాక్టరు ఎక్స్‌రే ఫోటో వెలుతురుకు పట్టి చూసి, “ఇంక బరువు ముట్టద్దు. ముట్టినవంటే కాలు గూడ పడిపోతది” అన్నాడు.

“ఎన్ని రోజులు సార్?” అన్నాను.

“రోజులేంది? ఇంకెప్పుడూ ముట్టద్దు.”

మంచంలో పడి ఉండగానే ముఠా మేస్త్రి పిచ్చయ్య వచ్చాడు. మంచి మనిషి. మా అయ్యతో కలిసి మోసినవాడు. వచ్చినవాడు నా నడుం గురించి అడగలేదు. స్తంభానికి ఆనుకుని కూర్చుని బీడీ వెలిగించాడు.

“యాసంగి వడ్లు దిగుతున్నయ్ బొజ్జయ్యా. వచ్చే నెల లారీల మీద లారీలు. ఒక చెయ్యి తక్కువైతే ముఠా నడవది.”

“అవ్ మేస్త్రీ.”

“వంతు ఇంటిది. మీ ఇంట్ల నుంచి ఎవడన్న వస్తడా, బిళ్ల ఇడుస్తవా? ఏదో ఒకటి చెప్పాలె. దస్రు అడుగుతుండు. ఆడు ఆరేండ్ల నుంచి గేటు బయటనే ఉన్నడు.”

నేను జవాబు చెప్పేలోపే పిచ్చయ్య చూపు వాకిట్లోకి పోయింది. అక్కడ సంపత్ ఉన్నాడు. ఇనుప గొట్టానికి రెండువైపులా పెయింటు డబ్బాలు పెట్టి, వాటిలో సిమెంటు పోసి గట్టిపరిచాడు వాడు. మోచేతులు మడుస్తూ దాన్ని పైకి తెస్తున్నాడు. చొక్కా లేదు. చెమటకు వీపు మెరుస్తోంది. రోజూ సైకిలు మీద వంతెన దాటి భద్రాచలంలో జిమ్ముకు పోయి రావడం, ఇంటికొచ్చి మళ్లీ ఇది. రెండేళ్లుగా ఇదే పని. మొదటిసారి పోటీకి పేరిచ్చాడు. జిల్లా పోటీ, ఖమ్మంలో.

“ఇంత ఒళ్లున్న తమ్ముణ్ని ఇంట్ల పెట్టుకొని నేనేదో అడుగుతున్న!” అన్నాడు పిచ్చయ్య. “ఏరా సంపతూ, రెండు బస్తాలు రెండు చంకల పెట్టుకొని ఎక్కుతవేందిరా?”

సంపత్ గొట్టం దించి నవ్వాడు. “ఒక్కటి చాలదా మేస్త్రీ?”

“చాలు చాలు. మీ పోటీ ఎన్నడు?”

“వచ్చే నెల రెండో ఆదివారం.”

“ఆనాటికి ఒళ్లు తయారుగ ఉంటదా?”

“అసలు తయారు అంటే ఆ రోజే. ఆ ఒక్క రోజు కోసమే గదా ఇదంత.”

పిచ్చయ్య తొడ మీద చెయ్యి చరుచుకున్నాడు. “అయితే ఆ పొద్దుటికే పెడదం. ఒళ్లు జోరు మీద ఉన్నప్పుడే బస్తా ఎక్కాలె. మోసేసి, ఆ ఊపుల బస్సెక్కి ఖమ్మం పో. కప్పు గూడ నీదే.”

మా ముఠాకు ఒక పద్ధతి ఉంది. వంతు చేతులు మారేటప్పుడు కొత్తవాడు అందరి ముందు ఒక బస్తా మోయాలి. నెట్టులోంచి, అంటే పేర్చి పెట్టిన బస్తాల గుట్టలోంచి, బస్తా ముఠావాళ్లే తీస్తారు. ఇద్దరు పట్టి వీపు మీదికి ఎత్తుతారు. ఆ తర్వాత ఎవరూ చెయ్యి వేయరు. వాడు నడిచి, లారీకి ఆనించిన బల్ల మీదుగా ఎక్కి, లోపల దించితే బిళ్ల వాడిది. బస్తా నేల తాకితే మాత్రం, ఆ ఇంటి మనిషే దాన్ని లేపి లారీలో వెయ్యాలి. లేపేవాడు లేకపోతే వంతు పోతుంది. మా అయ్య నాటి నుంచి ఆ రెండో మాట అవసరం ఎవరికీ పడలేదు.

నా భార్య భీమక్క టీ తెచ్చింది. అందరం తాగాం. సంపత్ తాగలేదు. చక్కెర మానేశాడు.

*

హాస్టలుకు సెలవులిచ్చాక వనజ వచ్చింది. స్పోర్ట్స్ హాస్టల్లో వెయిట్‌లిఫ్టింగు నేర్చుకుంటోంది. చిన్నప్పుడు బియ్యం మూట ఆడుతూ లేపిందని బడి సారు చూసి తీసుకుపోయి చేర్పించాడు. పొట్టి పిల్ల. భుజాలు గుండ్రంగా, తొడలు బలంగా ఉంటాయి. అరచేతుల్లో నా చేతుల్లో ఉన్నట్టే కాయలు. కాకపోతే నావి వేళ్ల మొదట్లో, దానివి బొటనవేలి లోపలివైపు కూడా. బొటనవేలిని వేళ్ల కింద మడిచి కడ్డీ పడతారట. కడ్డీ గుంజుకుపోకుండా.

సెలవుల్లో బరువు ముట్టవద్దని వాళ్ల సారు చెప్పి పంపాడట. హాస్టలు తెరిచాక పెద్ద క్యాంపుకు ఎంపిక. అప్పటిదాకా ఒట్టి కర్రతో చెయ్యమన్నాడు. పొద్దున్నే వెదురు కర్ర ఒకటి రెండు చేతుల్తో తల మీదికి పట్టి, మడమలు లేవకుండా, పిరుదులు నేలకు తగిలేంత కిందికి కూర్చుని లేచేది. ఆ కర్రలో ఏం బరువుంది? ఐనా మొహం చూస్తే బరువు మోస్తున్నట్టే ఉండేది. నేను గడపలో ఒరిగి కూర్చుని చూస్తూ ఉండేవాణ్ని. వేరే పని లేదు కదా.

ఆ రోజుల్లో భీమక్కకు పొయ్యి దగ్గర తీరిక లేదు. సంపత్‌కు కోడిని ఉప్పు లేకుండా ఉడకబెట్టాలి. గుడ్లలో తెల్లది మాత్రం తింటాడు. పచ్చది వనజకు. భీమక్క పెంకులు చాట్లో వేస్తూ, “తెల్లది మరిదికి, పచ్చది బిడ్డకు, ఇగో, పెంకులు మీ నాన్నకు” అనేది.

ఒక సాయంత్రం వాకిట్లో కూర్చున్నాం. భీమక్క బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

“నాకు అర్థం కాదుగనీ,” అంది, “చిన్నాన్న చేసేది నువ్వు చేసేది ఒకటి కాదా? ఇద్దరూ ఇనుమే గదా పట్టుకునేది?”

“కాదమ్మా,” అంది వనజ. “చిన్నాన్నను ఎంత ఎత్తినవని ఎవ్వరూ అడగరు. ఒళ్లెట్ల ఉన్నదని చూస్తరు. మమ్మల్ని ఒళ్లెట్ల ఉన్నదని అడగరు. ఎంత ఎత్తినవని చూస్తరు.”

“మీదేముందే,” అన్నాడు సంపత్, “రెండు సెకన్ల పని. లేపుతరు, దబ్బున పడేస్తరు.”

“ఆ రెండు సెకన్ల కోసమే సంవత్సరమంత పొద్దున లేస్తం.”

“మరి మీ జిమ్ముల ఒకాయన ఉంటడు గదా?” అన్నాను నేను. “బొగ్గు బాయిల పని చేసేటాయన. ఒకసారి ఇంటికొచ్చిండు. ఇంత బొజ్జ.”

“ఆయనది పవర్ లిఫ్టింగ్ అన్నా. ఇంకో ఆట. భుజాల మీద బరువు పెట్టుకొని కూసొని లేస్తడు. వెల్లకిల పండుకొని ఛాతి మీంచి పైకి నెడతడు. కింద నుంచి తొడల దాకా లేపుతడు. ఆ మూడే. జిమ్ముల అందరికంటె ఎక్కువ బరువు ఆయనదే. తల మీదికి లేపుడు మాత్రం లేదు.”

భీమక్క చాట ఆపింది. “తల మీదికి లేపకున్నా కప్పిస్తరా?”

“ఇస్తరు వదినా.”

“మరి మీ అన్నకెందుకియ్యలే ఇన్నేండ్ల సంది?”

సంపత్ పకపకా నవ్వాడు. నాకూ నవ్వు వచ్చింది, నడుం కలుక్కుమంది. వనజ మాత్రం నావైపు చూసి మెల్లగా అంది: “నాన్నది ఆట కాదమ్మా. మాకు లేపుడుతోనే అయిపోతది. నాన్నకు లేపినంకనే మొదలైతది.”

భీమక్క మళ్లీ రాళ్లు ఏరడం మొదలుపెట్టింది.

*

పోటీ దగ్గరపడేకొద్దీ సంపత్ తిండి ఇంకా తగ్గించాడు. ముందు అన్నం పోయింది. తర్వాత నీళ్లు. మొదట చెంబుతో తాగేవాడు గ్లాసుకు వచ్చాడు. గ్లాసు పోయి గుక్కకు వచ్చాడు. తోలు కింద నీళ్లుంటే కండ కనపడదట. నీళ్లు ఆరితేనే గీతలు తేలతాయట. ఎండలు చూస్తే పిట్టలు కూడా కిందికి దిగడంలేదు. గోదావరి ఇసుక మీంచి వచ్చే గాలికి పెదవులు పగిలిపోతున్నాయి. వాడు గంప కింద కోడిలా నీడలోనే కూర్చునేవాడు.

పోటీకి ఇంకా కొద్ది రోజులుండగా ఒక సాయంత్రం గోడకు అద్దం ఆనించి, నన్ను పక్కన నిలబెట్టి, స్టేజి మీద చూపించే భంగిమలన్నీ చూపించాడు. “చూడన్నా, ఎక్కడన్న తక్కువున్నదా చెప్పు.” నేను చూశాను. నా జన్మలో అంత అందమైన ఒళ్లు చూడలేదు. పొట్ట మీద పలకలు, తొడ మీద పగ్గాల్లా పేనిన కండలు, చేతుల మీద నరాలు. చేత్తో చెక్కినట్టుంది. కానీ నేను మనిషి ఒంటికంటే ఎద్దుల ఒళ్లు ఎక్కువ చూసినవాణ్ని. సంతలో అమ్మేవాడు ఎద్దుకు ఉప్పు నాకించి, కడుపు నిండా నీళ్లు తాగిస్తాడు, నిండుగా కనపడాలని. ఇక్కడ ఉప్పు మానిపించి, నీళ్లు మానిపించారు. అక్కడ కొనేవాడు మోసపోతాడు. ఇక్కడ ఎవరు మోసపోతారో నాకు తెలియలేదు. భంగిమ వదిలినప్పుడల్లా వాడి పిక్క వణుకుతూనే ఉంది.

“తక్కువేం లేదు,” అన్నాను.

వనజ గుమ్మంలో నిలబడి చూస్తోంది. “చిన్నాన్నా, ముఠాల బస్తా ఎన్నడు?”

“ఆ ఆదివారమే. పొద్దున.”

“పోటీ నాడా?” దాని గొంతు మారింది. “ఎవరు పెట్టిండ్రు ఆనాడు?”

“మేస్త్రి. ఏమైంది?”

“నీళ్లు లేకుండ బస్తా మోస్తవా?” వనజ వాకిట్లోకి వచ్చింది. “మేం గూడ పోటీల ఒళ్లు తూసేముందు నీళ్లు మానేస్తం. తూకం దిగంగనే తాగుతం, తింటం, కాళ్లు చాపుకొని కూసుంటం. తరువాతనే కడ్డీ ముట్టుకుంటం. నీకు తూకం అయినంక గూడ స్టేజి దిగేదాక తాగుడు లేదు గదా. ఆ రోజు నీ ఒంట్ల ఏమీ ఉండదు చిన్నాన్నా. చూడనీకి అంత ఉంటది, లోపల ఏముండదు.”

“ఒక్క బస్తానే పిల్లా.”

“నిన్న అటక మీంచి దిగుతుంటే తొడ పట్టుకొని కూసున్నవ్. చూసిన నేను.”

సంపత్‌కు కోపం వచ్చింది. నీళ్లు లేక కోపం తొందరగా వచ్చేది ఆ రోజుల్లో. “హాస్టల్ల నాలుగు కర్రలు లేపి నాకు నేర్పుతున్నవా? నీ పని నువ్వు చూసుకో.”

వనజ లోపలికి పోయింది. నేను చెప్పులేసుకుని పిచ్చయ్య ఇంటికి పోయాను. రోజు మార్చమన్నాను. ఆయన వడ్డించుకున్న కంచం పక్కకు జరిపి నావైపు వింతగా చూశాడు.

“ఏంది బొజ్జయ్యా, నీ నడుంతో పాటు నీ గుండె గూడ పోయిందా? పొద్దున చూసిన వాణ్ని. నరాలు తాళ్ల లెక్క లేచినయ్. ఇప్పుడు మొయ్యకుంటె ఇంకెప్పుడు మోస్తడు? సోమారం నుంచి లారీలు. మొత్తం ముఠాకు చెప్పిన.”

“నీళ్లు తాగుతలేడు మేస్త్రీ.”

“మా అయ్య ఉపాసం ఉండి గూడ మోసేటోడు. పో, పండుకో.”

ఇంటికొచ్చి సంపత్ ముందు చెంబు పెట్టాను. “ఒక్క చెంబు తాగు.”

వాడు చెంబు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. నాలుకతో పెదవి తడుపుకోబోయాడు, తడి లేదు.

“తాగితే పోటీ పోతది అన్నా. తాగకపోతే ఏం పోతది? బల్ల ఒక్కసారి ఎక్కాలె, అంతే గదా. ఎట్లనో ఎక్కుత. నీ బిళ్ల పోనియ్య. నన్ను నమ్ము.”

చెంబు తీసేశాను.

*

ఆదివారం పొద్దు పొడవకముందే గోదాం ముందు ముఠా అంతా చేరింది. లారీ వెనక తలుపు దించి బల్ల ఆనించారు. మామూలుగా అటు రాని ఆడవాళ్లు కూడా పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. పోటీ ఒళ్లు ఖమ్మం పోకముందే ఇక్కడ చూడొచ్చని పిచ్చయ్య చెప్పినట్టున్నాడు.

సంపత్ తువ్వాలు కప్పుకుని వచ్చాడు. తువ్వాలు తీసేసరికి అందరూ ఒక్కసారి నోళ్లు తెరిచారు. స్టేజి లైట్లకు కండ తేలాలని ముందు రోజే ఒంటికి ముదురు రంగు పట్టించాడు. దాని మీద నూనె. మొహం, మెడ మామూలుగా ఉండి, కింద ఒళ్లంతా కొత్త కుండలా ఉంది.

“ఇదేందిరా, మీ అమ్మ చూస్తే గుర్తుపడతదా?” అన్నాడు ఒకడు.

“లారీ కింద పండుకున్నవేందిరా? ఆ నూనె ఏంది?” అన్నాడు ఇంకొకడు.

అందరూ నవ్వారు. సంపత్ కూడా నవ్వాడు. నవ్వితే పెదవి చిట్లి నెత్తురు వచ్చింది. వాడు చేతితో తుడుచుకోవడం నేను ఒక్కణ్నే చూశాను అనుకున్నాను. గేటు దగ్గర వనజ కూడా చూస్తూ నిలబడి ఉంది. చేతిలో చిన్నాన్న సంచీ. పోటీకి కావలసిన వస్తువులు అందులో ఉన్నాయి. బస్తా అయిపోగానే బస్టాండుకు పోవాలని తెచ్చింది.

నెట్టు మీంచి డెబ్బై అయిదు కిలోల వడ్ల బస్తా తీశారు. మంచి బస్తానే తీశారు, గట్టిగా కుట్టింది. పిచ్చయ్య అలాంటి విషయంలో మోసం చెయ్యడు. ఇద్దరు పట్టి వాడి వీపు మీదికి ఎత్తారు. చేతులు తీశారు.

మొదటి అడుగులు బాగానే పడ్డాయి. బస్తాకు నూనె అంటి కొంచెం జారింది. వాడు నడుం వంచి సర్దుకున్నాడు. అలా సర్దుకోవడం మోసేవాడికి అలవాటైన పని. దానికి చాలా బలం కావాలి, బస్తా మొయ్యడానికి కావలసినదానికంటే ఎక్కువ. వాడి దగ్గర ఉన్నదంతా అక్కడే ఖర్చయిందని నాకు అనిపించింది. బల్ల దగ్గరికి వచ్చాడు. ఎడమ కాలు పెట్టాడు. కుడి కాలు పెట్టాడు. బల్ల కిందికి వంగి ఊగింది. అందరి కాళ్ల కిందా ఊగినట్టే ఊగింది. మళ్లీ ఎడమ కాలు ఎత్తాడు, అంతే, ఎత్తిన కాలు దించలేదు.

వాడి తొడ కండ పిడికిలిలా ముడుచుకుపోయింది. తోలు కింద అది ఎగరడం కింద నుంచి నాకు స్పష్టంగా కనిపించింది. కండ మీద కొవ్వు లేదు, నీళ్లు లేవు, దాచుకోవడానికి ఏమీ లేదు. తర్వాత పిక్క పట్టింది. తర్వాత వీపు. వాడు అరవలేదు. ‘అన్నా’ అన్నాడేమో, నాకు వినపడినట్టు అనిపించింది. బస్తా ముందు జారింది. వాడు దాని వెనక పడ్డాడు.

ధూళి లేచింది.

అందరికంటే ముందు ఉరికింది దస్రు. గేటు బయట నుంచి ఉరికొచ్చి, వాణ్ని నీడకు లాగి, కాలు చాపి పాదం వెనక్కి వంచి పట్టాడు. “నీళ్లు, నీళ్లు తేండ్రి జల్దీ!” అని అరిచాడు. సంపత్ ఒళ్లంతా తడిసిన తాడులా ముడుచుకుపోతోంది. రెండు చోట్ల వదిలితే ఇంకో రెండు చోట్ల పడుతోంది. నోట్లో దస్రు నీళ్లు పోస్తుంటే వాడు మింగడం కూడా మర్చిపోయినట్టు చూశాడు. తర్వాత మింగాడు. చెంబు రెండు చేతుల్తో పట్టుకుని మింగాడు.

పోటీ అక్కడే అయిపోయింది. అది అందరికీ అర్థమైంది. ఇంకోటి మిగిలింది.

బస్తా బల్ల పక్కన నేల మీద పడి ఉంది. దాని మీద ముదురు రంగు మరక. ముఠావాళ్లు దాని చుట్టూ దూరంగా నిలబడ్డారు. ఎవరూ ముట్టుకోలేదు.

“బొజ్జయ్యా,” అన్నాడు పిచ్చయ్య. ఆయన మొహం నల్లబడిపోయింది. ఏడ్చేట్టు ఉన్నాడు. “నేను చెప్పేదేం లేదు. నీకు తెలుసు.”

నాకు తెలుసు. బస్తా దగ్గరికి నడిచాను. వంగాలి. డాక్టరు మాట కాదు గుర్తొచ్చింది, నడుం పోయిన నాటి చెంబు గుర్తొచ్చింది. అప్పుడే పక్కనుంచి వనజ వచ్చింది. సంచీ ఎవరికిచ్చిందో తెలియదు. చెప్పులు వదిలేసింది. చున్నీ నడుముకు చుట్టి ముడి వేసింది.

“నేను లేపుత,” అంది పిచ్చయ్యతో. “ఇంటి మనిషినే గదా.”

“ఆడపిల్ల…” అన్నాడు వెనక నుంచి ఎవరో.

“ఇంటి మనిషంటే ఇంటి మనిషే,” అన్నాడు పిచ్చయ్య గబగబా. బతికిపోయినట్టుంది ఆయనకు. “ముఠాల ఆడ మగ అని ఎవ్వరూ అనలే. లేపు బిడ్డా. లేపి బల్ల ఎక్కితే చాలు. మీ వంతు మీకే ఉంటది. మీ చిన్నాన్న కోలుకునేదాక ఏదో ఒకటి చూస్కుందం.”

వనజ బస్తా ముందు కూర్చుంది. మా వాకిట్లో కూర్చున్నట్టే, మడమలు లేవకుండా, వీపు నిలువుగా. బస్తా రెండు చెవులు వెతికి పట్టుకుంది. కడ్డీకి ఉండే పట్టు బస్తాకు ఉండదు. వడ్లు ఒక మూలకు జారతాయి, పట్టు దొరికిన చోట బరువుండదు, బరువున్న చోట పట్టు దొరకదు. అది దానికి తెలుసు. చేతులు జరిపి, మళ్లీ జరిపి, సరైన చోటు పట్టింది. ఊపిరి లోపలికి తీసుకుంది. భుజాలు కుదురుకున్నాయి.

లేపుతుంది. ముఠా మొత్తంలో ఆ మాట నాకంటే బాగా తెలిసినవాడు లేడు. లేపి, మలిచి, భుజం మీద వేసుకుని, ఊగే బల్ల మీద నడుస్తుంది. ఆ నడక దానికి ఎవరూ నేర్పలేదు. అందరూ చప్పట్లు కొడతారు. రేపు లారీ వస్తుంది. సంపత్ లేవలేదంటే పిచ్చయ్య ‘ఒక్క రోజు బిడ్డను పంపు’ అంటాడు. భీమక్క ఏమీ అనదు. నేనూ ఏమీ అనను. ఎల్లుండి కూడా లారీ వస్తుంది.

“వనజా,” అన్నాను. “చెయ్యి తియ్యి.”

“అయితది నాన్నా.”

“తియ్యి బిడ్డా.”

అది తల ఎత్తి నన్ను చూసింది. చేతులు తియ్యలేదు. నేను బల్ల అంచు పట్టుకుని మెల్లగా వంగి, ఆ బస్తా మీద కూర్చున్నాను.

దూరంగా సంపత్ దగ్గు ఒక్కటే వినపడుతోంది. దండచేతి బిళ్ల ముడి విప్పడానికి వేళ్లు రాలేదు, పంటితో లాగాను. విప్పి పిచ్చయ్యకు అందించాను.

“ఒక్కసారి ఆలోచించుకో,” అన్నాడాయన.

“ఇద్దరు పట్టుకొని లేపండ్రి నన్ను,” అన్నాను. “నాకు లేవరాదు.”

నన్ను లేపారు. ఆ బస్తా దస్రు మోశాడు. ఆరేళ్లుగా ఎదురుచూసిన వంతు దొరికినవాడు, నావైపు చూడకుండా, కళ్లు దించుకుని బల్ల ఎక్కాడు.

*

దవాఖానాలో సంపత్‌కు సెలైను పెట్టారు. సీసాలు ఎక్కేకొద్దీ వాడి ఒంటి మీద గీతలు ఒక్కొక్కటే మునిగిపోయాయి. తెల్ల దుప్పటికి రంగు అంటిందని నర్సమ్మ తిట్టింది. “ఏందిది? బట్టలకు అద్దే రంగు పూసుకున్నవా?” వాడు నవ్వలేదు. ఖమ్మంలో ఆ గంటకు స్టేజి మీద పేర్లు పిలుస్తుంటారని ఇద్దరికీ తెలుసు. గడియారం వైపు ఎవరమూ చూడలేదు.

“అన్నా, బస్తా?” అన్నాడు.

“ఎక్కింది.”

“ఎవరు?”

“దస్రు.”

వాడు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. వీపు చూస్తే ఇప్పటికీ చెక్కినట్టే ఉంది.

ఆ నెలంతా లారీలు తిరిగాయి. భీమక్క బీడీలు చుట్టే తునికాకు కొయ్యడానికి అడవికి పోయింది, పొద్దున్నే పోయి ఎండ ముదిరాక తిరిగొచ్చి, కట్టలు కట్టి, నడుం వాల్చకుండా పొయ్యి దగ్గర కూర్చునేది. నాకు బస్తాల మూతులు కుట్టే పని ఇప్పించాడు పిచ్చయ్య. కూర్చుని చేసేది. సంపత్ ఉప్పు తిన్నాడు, అన్నం తిన్నాడు, చెంబులకు చెంబులు నీళ్లు తాగాడు. పక్షం తిరిగేసరికి వాడి ఒళ్లు మెత్తబడింది, కానీ కళ్లల్లో బలం వచ్చింది. ఒక పొద్దున లోపల ఎవరో రాలేదని గేటు బయట నుంచి పిలిచారు వాణ్ని. అదే బస్తా, అదే బల్ల. వాడు ఎక్కి దిగి, ఎక్కి దిగి, సాయంత్రం దాకా మోశాడు. పిచ్చయ్య చూశాడు. పక్కన నిలబడిన దస్రు కూడా చూశాడు. దండచేతి మీద బిళ్ల పైకి జరుపుకున్నాడు.

మొదటి వానలు పడ్డాక హాస్టలు తెరిచారు. వనజను బస్సెక్కించడానికి పోయాను. బస్సు రావడానికి ఇంకా టైముంది. ఇద్దరం బల్ల మీద కూర్చున్నాం. మాట్లాడుకోవడం మా ఇద్దరికీ పెద్దగా చేతకాదు.

“నాన్నా,” అంది, “ఆ రోజు నేను లేపేదాన్ని.”

“తెలుసు.”

“మరి?”

రోడ్డు మీద బురద నీళ్లు చిమ్ముకుంటూ లారీ ఒకటి పోయింది. అది పోయేదాకా ఆగాను.

“లేపుతవని తెలిసే వద్దన్న బిడ్డా.”

బస్సు వచ్చింది. కండక్టరు తొందరపెడుతున్నాడు. వనజ ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, చేతులు ఒడిలో పెట్టుకుని, అరచేతులకేసి చూసుకుంటూ ఉంది. బస్సు కదిలేటప్పుడు తల ఎత్తి ఒక్కసారి నన్ను చూసింది.

తిరిగి వస్తుంటే దారిలో గోదాం. గేటు బయట చింతచెట్టు కింద సంపత్ కూర్చుని ఉన్నాడు. ఆ రోజు ఇంకా ఎవరూ పిలవలేదు. నన్ను చూసి కొంచెం పక్కకు జరిగాడు.

పక్కన కూర్చున్నాను.